రాగి మాల్ట్ ఇంట్లోనే: నానబెట్టడం నుంచి జావ కాచడం దాకా

రాగి మాల్ట్ అని రాసి ఉన్న ప్యాకెట్ ఏదైనా తీసుకుని వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల జాబితాలో మొలకెత్తిన రాగులు అని ఉంటే అది మాల్ట్. ఉత్త రాగి పిండి, చక్కెర, పాలపొడి, యాలకుల వాసన మాత్రమే ఉంటే అది రాగి పిండే, పేరు ఏం పెట్టినా సరే. రెండూ తినదగ్గవే. కానీ కడుపులోకి వెళ్లాక రెండూ చేసే పని ఒకటి కాదు. పసిపిల్లల కోసమో, జబ్బు చేసి లేచిన వాళ్ల కోసమో, పళ్లు లేని పెద్దవాళ్ల కోసమో కొంటున్నప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

గింజను నానబెట్టి, మొలక రప్పించి, సరైన సమయానికి ఆ మొలకను ఎండబెట్టి ఆపేసి, వేయించి పిండి పట్టడమే మాల్టింగ్. దీనికి పెద్ద ఖర్చు లేదు. మూడు నాలుగు రోజులు గింజను కనిపెట్టుకుని ఉంటే చాలు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూడా చక్కగా చేసుకోవచ్చు.

మొలక వస్తే గింజలో ఏం జరుగుతుంది

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఇనుము రాగుల్లో 4.6, సజ్జల్లో 6.4 మిల్లీగ్రాములు. అంకెలు ఘనంగానే ఉన్నాయి. అయితే గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు.

దానికి కారణం ఫైటిక్ ఆమ్లం. గింజ తనకు కావాల్సిన భాస్వరాన్ని ఈ రూపంలో దాచుకుంటుంది. మనం తిన్నప్పుడు అది ఇనుము, జింక్, కాల్షియంలను పట్టేసుకుని పేగుల్లో ఒంటికి అందకుండా చేస్తుంది. రాగుల ఎర్రటి పై పొరలో ఉండే టానిన్లు కూడా ఇనుముకీ మాంసకృత్తులకీ ఇలాగే అడ్డం పడతాయి.

గింజ నీళ్లు తాగి మొలకెత్తేటప్పుడు దాచుకున్న సరుకునంతా తనే బయటికి తీసి వాడుకోవాలి. అందుకు కొన్ని ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది. ఫైటేజ్ అనే ఎంజైము ఫైటిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టి, అది పట్టుకున్న ఖనిజాలను వదిలిస్తుంది. అమైలేజ్ పిండి పదార్థాన్ని చిన్న ముక్కలుగా, చక్కెరలుగా కోస్తుంది. మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు వాటిని తేలిగ్గా అరిగేలా చేస్తాయి. టానిన్లు కూడా కొంత నానిన నీళ్లలోకి దిగిపోతాయి, మొలకెత్తేటప్పుడు మరికొంత తగ్గుతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మొలకెత్తిస్తే కాల్షియం రెట్టింపవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. గింజ నానేది మంచినీళ్లలో. కొత్త కాల్షియం, కొత్త ఇనుము ఎక్కడి నుంచి వస్తాయి? పైగా పారబోసే నీళ్లతో, ఎండాక రాలగొట్టే మొలక వేళ్లతో కొంచెం పోతుంది కూడా. పెరిగేది గింజలోని ఖనిజం కాదు, అందులో మన ఒంటికి అందే భాగం. విటమిన్ సి సంగతి వేరు. ఎండు గింజలో దాదాపు లేని ఈ విటమిన్ మొలకలో నిజంగానే పుడుతుంది, కానీ ఎండబెట్టి వేయించేసరికి చాలా వరకు పోతుంది. కాబట్టి మాల్ట్ నుంచి దాన్ని ఆశించొద్దు. దానికోసం జావతో పాటు ఒక జామకాయ ముక్కో, జావలో చల్లారాక కాస్త నిమ్మరసమో తీసుకోండి. ఇనుము ఒంటికి పట్టడానికి కూడా అదే సాయం చేస్తుంది. జావ తాగిన వెంటనే టీ మాత్రం వద్దు.

నా దృష్టిలో మాల్టింగ్ వల్ల అసలైన లాభం చిక్కదనం తగ్గడం. మామూలు రాగి పిండిని కాస్తే అది నీళ్లను పీల్చుకుని ముద్దకడుతుంది. పసిపాప మింగాలంటే ఇంకా నీళ్లు కలపాలి. అప్పుడు ఆ చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది, బలం తక్కువే అందుతుంది. మాల్ట్‌లో అమైలేజ్ పిండిని ముందే కోసి ఉంచుతుంది కాబట్టి, అదే పలచదనంలో ఎక్కువ పిండి పట్టించవచ్చు. పాప తాగేది అంతే గిన్నెడు, అందే బలం ఎక్కువ.

ఏ గింజ తీసుకోవాలి

మొదటిసారి చేస్తుంటే రాగులే తీసుకోండి. మన పల్లెల్లో తైదలంటారు, అవే. చిరుధాన్యాల్లో మాల్ట్‌కి ఇవే మేలు, మొలకెత్తినప్పుడు వీటిలో అమైలేజ్ బాగా తయారవుతుంది. వాసన కూడా బాగుంటుంది.

కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, వరిగలతో మాల్ట్ చేద్దామని చాలామంది ఉత్సాహపడతారు. ప్యాకెట్లలో దొరికేవి పొట్టు తీసిన బియ్యం. పొట్టు తీసేటప్పుడు మొలకెత్తే భాగం దెబ్బతింటుంది. వాటిని రెండు రోజులు తడిగుడ్డలో ఉంచితే మొలక రాదు, పులుస్తాయి. పొట్టుతో ఉన్నవి తెచ్చి మొలకెత్తించినా, తర్వాత ఆ పొట్టు ఇంట్లో ఊడదీయడం మన వల్ల కాదు. వాటిని అన్నంగానే వండుకోండి.

సజ్జలతో చేయొచ్చు. వాటిలో కొవ్వు ఎక్కువ, పిండి త్వరగా చేదెక్కుతుంది, ఆ జాగ్రత్త కింద చెప్తాను.

జొన్నల విషయంలో మాత్రం తప్పనిసరిగా ఒకటి గుర్తుంచుకోవాలి. జొన్న మొలకలో, దాని వేళ్లలో ధురిన్ అనే పదార్థం తయారవుతుంది. అది విడిపోతే సైనైడ్ పుడుతుంది. లేత జొన్న చొప్ప మేసి పశువులు పడిపోవడం రైతులందరికీ తెలిసిన విషయమే, కారణం ఇదే. అందుకని జొన్న మొలకలను పచ్చిగా సలాడ్‌లో వేసుకోవద్దు. మాల్ట్ చేస్తే ఎండాక మొలకలు, వేళ్లు రెండూ పూర్తిగా నలిచి చెరిగేయాలి. చంటిపిల్లలకు ఇంట్లో చేసిన జొన్న మాల్ట్ పెట్టకపోవడమే మంచిదని నా మాట. రాగులుండగా ఆ రిస్క్ ఎందుకు?

కొనేటప్పుడు ఆ ఏడాది పంట అడగండి. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లోనో, రైతు బజార్‌లోనో, జహీరాబాద్ వైపు నుంచి వచ్చే రైతుల దగ్గరో విడిగా అమ్మే రాగులైతే చేతిలోకి తీసుకుని చూసే వీలుంటుంది. విత్తనాల దుకాణంలో అమ్మే విత్తనం మాత్రం ఎప్పుడూ తినడానికి వాడొద్దు. వాటికి పురుగు మందు, శిలీంద్ర మందు పట్టిస్తారు, పైన గులాబీ రంగో పచ్చ రంగో కనిపిస్తుంది.

కిలో నానబెట్టే ముందు 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఒకటిన్నర రోజులో 90 దాకా మొలకలు వస్తే ధైర్యంగా చేయండి. పాతిక ముప్పై గింజలు మొలవకుండా ఉండిపోతే ఆ సరుకును పిండికే వాడుకోండి. మొలవని గింజ తడిలో ఊరికే ఉండదు, బూజు ముందు దానికే పడుతుంది.

కడగడం, నానబెట్టడం

రాగుల్లో మట్టి బెడ్డలు, సన్నటి ఇసుక ఉంటాయి. ముందు చేటలో చెరిగి, తర్వాత వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి గాలించండి. పైకి తేలే తాలు గింజలు తీసేయండి. కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు కడగాలి. మొదటిసారి వచ్చే ఎర్ర మట్టి నీళ్లు చూస్తే ఈ మాట ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది.

కిలో రాగులకు మూడు లీటర్ల మంచినీళ్లు పోసి 10 నుంచి 12 గంటలు నానబెట్టండి. తాగే నీళ్లే వాడండి, గింజ పీల్చుకునేది ఆ నీళ్లనే. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. ఏప్రిల్, మే నెలల్లో 8 గంటలు చాలు, నీళ్లు రెండుసార్లు మార్చండి. ఆ ఎండలకు గిన్నె మీద నురుగు కట్టి పుల్లటి వాసన వచ్చిందంటే గింజ ఊపిరాడక పాడవుతోందని అర్థం. నానిన నీళ్లు వంటకు వాడకండి, పారబోయండి లేదా మొక్కలకు పోయండి.

మొలక కట్టడం

నీళ్లన్నీ వంచేసి, గింజలను చిల్లుల గిన్నెలో పావుగంట వదిలేయండి. తడి ఉండాలి, నీళ్లు కారకూడదు. తర్వాత తడిపి పిండిన పల్చటి నూలు గుడ్డలో మూట కట్టండి. మూట వదులుగా ఉండాలి. మొలకెత్తే గింజ గాలి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది. కిలో గింజను బిగించి కడితే నడిమధ్యలో చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగులుతుంది, అక్కడే జిగట మొదలవుతుంది. ఒకే పెద్ద మూట కన్నా అరకిలో చొప్పున రెండు మూటలు కట్టడం మేలు.

ఆరేడు గంటలకోసారి మూట విప్పి, గింజలను చేత్తో పైకీ కిందికీ కలిపి, ఆరినట్టుంటే కాసిని నీళ్లు చిలకరించి మళ్లీ కట్టండి. వేసవిలో 24 గంటలకే తెల్లటి మొన కనిపిస్తుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో 48 గంటలు పట్టొచ్చు. అప్పుడు మూటను ఫ్రిజ్ వెనకో, ఆపేసిన ఓవెన్‌లోనో వెచ్చగా ఉంచండి.

ఎప్పుడు ఆపాలి? తెల్లటి వేరు గింజకు రెండింతలు పొడవుండాలి, ఆకు మొలక ఇంకా పచ్చబడకూడదు. అంతకన్నా ముందే ఆపితే ఎంజైములు సరిగా తయారవవు. ఇంకా పెరగనిస్తే గింజ తన పిండిని తనే ఖర్చు పెట్టేసుకుంటుంది. కిలో రాగులు పోస్తే కిలో మాల్ట్ రాకపోవడానికి కారణం ఇదే, ఎంత ఎక్కువ మొలిస్తే అంత తరుగు.

మూట విప్పినప్పుడు పచ్చి గడ్డి లాంటి తాజా వాసన రావాలి. జిగటగా ఉన్నా, మక్కిన వాసన వచ్చినా, నల్లటి ఆకుపచ్చటి బూజు చుక్కలు కనిపించినా మొత్తం పారేయండి. బూజు పట్టినంత వరకు ఏరేసి మిగతాది వాడదామనుకోవద్దు. కొన్ని బూజులు వదిలే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం. వేయించినా ఉడికించినా అది పోదు.

ఎండబెట్టడం, వేళ్లు రాలగొట్టడం

శుభ్రమైన గుడ్డ మీద పల్చగా, గింజ మీద గింజ పడకుండా పరవండి. మన డాబాల మీద పావురాలు ఎక్కువ, పక్కనే ఏదో ఒక బిల్డింగ్ పని జరుగుతూ సిమెంట్ దుమ్ము లేస్తుంటుంది. అందుకని పైన మరో పల్చటి గుడ్డ కప్పి అంచుల్లో బరువు పెట్టండి. మొదటి పూట తడి త్వరగా పోవడం ముఖ్యం, కాబట్టి ఉదయం ఎండకే వేయండి, సాయంత్రం వేయకండి. మంచి ఎండైతే ఒకటిన్నర రోజు చాలు. వానాకాలంలో గదిలో ఫ్యాన్ కింద ఆరబెట్టి, చివర్లో ఓవెన్‌లో 50 నుంచి 60 డిగ్రీల వేడిలో పెట్టండి. అంతకు మించి వేడి పెడితే ఇంతసేపూ తయారు చేసుకున్న అమైలేజ్ దెబ్బతింటుంది.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు గింజలు అరచేతుల మధ్య వేసి నలపండి. వేళ్లు వంగి సాగితే ఇంకా తడి ఉంది. పుటుక్కున విరిగి పొడిలా రాలితే ఎండినట్టు. ఇప్పుడు మొత్తం గింజలను గుడ్డ మీద పోసి అరచేతులతో బాగా నలిచి, చేటలో చెరగండి. వేళ్లు పొట్టులా ఎగిరిపోతాయి. ఈ పని వదిలేస్తే పిండిలో కాస్త చేదు వస్తుంది.

వేయించడం, పిండి పట్టడం

ఇక్కడ గింజలను రెండు భాగాలు చేయండి. నూటికి తొంభై పాళ్లు మూకుడులో సన్నటి సెగ మీద కలుపుతూ వేయించాలి, కమ్మటి వాసన రాగానే దించేయాలి. రంగు నల్లబడేదాకా వేయిస్తే మాంసకృత్తుల్లో ఉండే, ఒంటికి తప్పనిసరైన లైసిన్ అనే భాగం కూడా తగ్గుతుంది, చిరుధాన్యాల్లో అసలే తక్కువున్నది అదే.

మిగిలిన పదో వంతును వేయించకుండా విడిగా పిండి పట్టి చిన్న డబ్బాలో ఉంచుకోండి. దాని పని వేరు. వేయించినప్పుడు ఫైటిక్ ఆమ్లం తగ్గిన లాభం అలాగే ఉంటుంది కానీ, అమైలేజ్ శక్తి చాలా వరకు పోతుంది. వేయించని పిండిలో అది బతికే ఉంటుంది. గట్టిగా అయిన ఏ జావనైనా పలచన చేయడానికి ఒక చెంచా చాలు.

పిండి మిక్సీలో వేసుకున్నా, గిర్నీలో పట్టించినా సరే. గిర్నీలో అయితే అంతకుముందు ఏం పట్టారో అడగండి, మిర్చి పట్టిన రాయి మీద పసిపిల్లల పిండి పట్టించకూడదు. ఏడాది లోపు పిల్లలకైతే వస్త్రగాళితం పట్టండి. పెద్దవాళ్లకు జల్లించకుండా వాడండి, రాగుల్లో కాల్షియం ఎక్కువగా ఉండేది ఆ పై పొరలోనే, పీచు కూడా అందులోనే ఉంటుంది.

జావ కాచడం

పెద్దవాళ్లకు ఒక గ్లాసుకి 25 గ్రాముల పిండి, అంటే రెండు పెద్ద చెంచాలు. దాన్ని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. మసిలే నీళ్లలో పిండి వేయొద్దు. సన్నటి సెగ మీద నెమ్మదిగా వేడెక్కనిస్తే మధ్యలో అమైలేజ్‌కి పని చేసే సమయం దొరుకుతుంది. తర్వాత బాగా మసలనిచ్చి ఐదు నిమిషాలు ఉంచండి. మొలకెత్తేటప్పుడు గింజతో పాటు సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి, ఆ ఐదు నిమిషాలు తగ్గించకూడదు.

మీరు చేసింది నిజంగా మాల్టేనా అని చూసుకోవాలంటే ఒక పని చేయండి. రెండు చిన్న గిన్నెల్లో ఒక్కో గ్లాసు నీళ్లు, ఒక దాంట్లో రెండు చెంచాల మామూలు రాగి పిండి, ఇంకో దాంట్లో రెండు చెంచాల వేయించని మాల్ట్ పిండి వేసి ఒకేలా కాచండి. దించి పది నిమిషాలు ఆగి గరిటె తిప్పండి. మామూలు పిండి గరిటెకు పట్టుకుని, అంచుల్లో మీగడ కట్టి, ఎత్తితే ముద్దగా జారుతుంది. మాల్ట్ గరిటె నుంచి ధారగా పడుతుంది, చక్కెర వేయకపోయినా నాలుక చివర సన్నటి తీపి తెలుస్తుంది. రెండూ ఒకే చిక్కదనంలో ఉంటే మొలక సరిపోలేదు, లేదా ఎండబెట్టేటప్పుడు వేడి ఎక్కువైంది.

గ్లాసుడు జావలో వచ్చే కాల్షియం మహా అయితే 90 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1000. కాబట్టి రాగి జావ తాగుతున్నాం కదా అని పాలు, పెరుగు మానేయకండి. జావ చల్లారాక మజ్జిగ కలుపుకోవడం మన అలవాటే, మంచి అలవాటు.

పసిపిల్లలకు ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టండి, తల్లిపాలు మాత్రం ఆపొద్దు. మొదట్లో రోజుకు రెండు మూడు చెంచాలు. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర, బెల్లం ఏదీ వద్దు. తేనె అసలే వద్దు, అది ఆ వయసులో ప్రమాదకరం. జావ చెంచా నుంచి మెల్లగా జారాలి, నీళ్లలా కారకూడదు. గట్టిపడితే నీళ్లు పోయకుండా, కాస్త వేడి తగ్గాక వేయించని మాల్ట్ పిండి పావు చెంచా కలిపి చూడండి. రెండు మూడు నిమిషాల్లో అదే పలచనవుతుంది. ఆ తర్వాత మళ్లీ ఒకసారి మసలనిచ్చి చల్లార్చి పెట్టండి. రాగుల్లో తక్కువైన లైసిన్ పెసల్లో ఉంటుంది. ఏడు పాళ్లు రాగి మాల్ట్‌కు మూడు పాళ్లు ఇలాగే మొలకెత్తించి వేయించిన పెసర పిండి కలిపితే పిల్లల ఆహారంగా ఇంకా నిండుగా ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. రాగులు మంచివన్న మాటను మాల్ట్ జావకు అలాగే అంటగట్టకండి. పిండి పదార్థం సగం దారి ముందే చక్కెరగా మారి ఉంటుంది, పైగా పలచటి జావ పొట్టలో ఎక్కువసేపు నిలవదు. రక్తంలో చక్కెర త్వరగా పెరుగుతుంది. మీకు సంగటో, జొన్న రొట్టో, కూరగాయలతో కలిపి తినడం మేలు. మాల్ట్ తాగాలనే ఉంటే తాగిన రెండు గంటలకు మీటర్‌తో చూసుకుని నిర్ణయించుకోండి.

ఇదంతా చేసే తీరిక లేని వాళ్లకు మన అంబలి ఉండనే ఉంది. రాగి పిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులియబెట్టి పొద్దున కాస్తే ఫైటిక్ ఆమ్లం అలా కూడా తగ్గుతుంది. మాల్ట్ అంత పలచదనం రాదు, కానీ ఉత్త పిండి జావ కన్నా మంచిది.

నిల్వ

వేయించిన రాగి మాల్ట్ పిండి పూర్తిగా చల్లారాకే స్టీల్ డబ్బాలో పోసి మూత గట్టిగా పెట్టండి. తడి చెంచా పెట్టకుండా ఉంటే రెండు నెలలు బాగుంటుంది. వేయించని పిండిని ఫ్రిజ్‌లో ఉంచి నెలలోపు వాడేయండి. సజ్జ మాల్ట్ మాత్రం పది రోజులకు సరిపడా పట్టుకుని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, మిగతా గింజలను మాల్ట్ చేసిన గింజలుగానే దాచి అప్పుడప్పుడు పట్టుకోండి. నాలుక మీద చేదు తగిలితే కొవ్వు మక్కినట్టే, ఇక అది వాడొద్దు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఏ గింజైనా అరకిలోకి మించి మొలకెత్తించకండి. ఎండ నమ్మకం లేని ఆ నెలల్లో అరకిలో అయితే ఫ్యాన్ గాలికైనా ఒక్క రోజులో తడి పోతుంది.